సెంటిస్ కొండ మీద పులిహోర

రాయి మీద చింతపండు పెట్టి ఇనప కడ్డీతో ఒక్క దెబ్బ కొట్టి, చీలిన చోట వేలు పెట్టి గింజ లాగి ఇటు చేటలో వేసి, ఈనె పీకి అటు పారేసి, పండుని బేసిన్లో పడేసి మళ్లీ ఇంకోటి తీసుకుంటున్నాను. పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నాను, సగం గోనె అయింది. కొత్త చింతపండు కాబట్టి వేళ్లకి అంటుకుంటోంది, గోళ్ల సందుల్లో మండుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే తలకి తీరిక దొరుకుతుంది, ఇవాళ అదే చిక్కు. పాండురంగారావు గారు ఆగిరిపల్లి దాటానని ఇప్పుడే ఫోన్ చేశారు. నూజివీడు బస్టాండు దగ్గర ఆటోల మధ్య కారు ఇరుక్కుంటే ఒక పది నిమిషాలు, అక్కణ్ణుంచి చాట్రాయి రోడ్డు మీద మా ఊరికి ఇరవై నిమిషాలు, ఎలా చూసినా గంటలోపే. ఆయన వచ్చి ఈ అరుగు మీద కూర్చుని పాస్‌పోర్ట్ అడుగుతారు. అమ్మ తన పాస్‌పోర్ట్ తెచ్చి ఇస్తుంది. ఆయనకి కావలసింది అది కాదు, నాది. ఆ సంగతి నిన్న సాయంత్రం నుంచి నాకు తెలుసు, అమ్మకి తెలియదు. చెప్పే పని ఆయన నాకే అప్పజెప్పారు.

లోపల గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. అమ్మ వంటమనిషిగా వెళ్లే స్విట్జర్లాండ్ ప్రయాణం మే రెండో వారంలో, వీసాకే ఇంకా నెల పైన పడుతుంది, అయినా అమ్మ మార్చిలోనే సర్దడం మొదలుపెడుతుంది. సర్దుతుంది, తీస్తుంది, మళ్లీ సర్దుతుంది. ఉన్ని స్వెట్టర్, రెండు జతల మేజోళ్లు, నడవడానికి కొన్న తెల్ల బూట్లు, కారం డబ్బా, ఇంగువ డబ్బా, ఉప్పు కొలిచే ఇత్తడి గిద్ద. ఆ గిద్ద మొదటిసారి వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టులో బయటికి తీయించి అటూ ఇటూ తిప్పి చూశారట. వాళ్లకి ఏం చెప్పావే అని నాన్న అడిగితే, ఏం చెప్తాను, ఇది లేకపోతే ముప్పై నాలుగు మందికి ఉప్పు ఎవరు వేస్తారని తెలుగులోనే చెప్పాను, పొమ్మన్నారు అంది. నాన్న ఇప్పుడు తోటలో ఉన్నాడు. మామిడి పిందె నిమ్మకాయంత అయింది, మందు కొట్టే ట్యాంకరు ఇవాళ మాకు ఇస్తామన్నారు, సాయంత్రం దాకా రాడు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ మందు కంపు ఇంట్లోకి వస్తోంది, నేను చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటున్నాను. అమ్మ కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి పెట్టుకుని స్వెట్టర్ మడత పెడుతోంది.

పాండురంగారావు గారిది విజయవాడలో చిన్న టూర్ల కంపెనీ. ప్రతి వేసవికీ ఒక బ్యాచ్‌ని స్విట్జర్లాండ్ తీసుకెళ్తారు. ఎక్కువమంది ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు, భార్యాభర్తలు. అందరూ పరిగెత్తే మంచుకొండల వైపు కాకుండా ఆయన అప్పెంజెల్ అనే పచ్చటి గుట్టల ప్రాంతం పట్టుకున్నారు. ఒకే హోటల్లో పది రోజులు దిగడం, పొద్దున బస్సులోనో రైల్లోనో ఒక చోటికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం. పెట్టె రోజూ సర్దుకోనక్కర్లేదు, తిండి మన తిండి. ఆ రెండు మాటల మీదే ఆయన కంపెనీ నిలబడింది. ఆ రెండో మాట మా అమ్మ. జి. కొండూరులో ఒక పెళ్లికి అమ్మ వండింది, ఆయన పెళ్లికూతురి తరఫున వచ్చారు, పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, మూడోసారి వంటగదిలోకే వచ్చి, పాస్‌పోర్ట్ ఉందా అమ్మా అని అడిగారు. రేషన్ కార్డు ఉందండీ అంది అమ్మ. మా వీధిలో పాస్‌పోర్ట్ కోసం కానిస్టేబుల్ వచ్చి ఎంక్వయిరీ చేసింది మా ఇంటికే మొదటిసారి. నా పాస్‌పోర్ట్ కూడా అప్పుడే తీయించారు, ఎప్పటికైనా పనికొస్తుందిలే అని అమ్మే పట్టుబట్టింది.

అమ్మ మూడు వేసవులు అక్కడ ఉంది, నాకు ఆ దేశం ఆమె చెప్పిన అన్నాల వరసలో తెలుసు. చీజ్ చేసే ఊరికి చపాతీలూ బంగాళాదుంప కూరా, ఎందుకంటే అక్కడ బల్లలుంటాయి, కూర్చుని తినొచ్చు. పళ్ల చక్రాల ఎర్ర రైలు ఎక్కి కొండ మీది ఊరికి వెళ్లేరోజు నిమ్మకాయ పులిహోర. ఆ రైల్లోంచి చూస్తే కింద పెద్ద సరస్సు, దాని అవతలి గట్టు వేరే దేశమట. గుహలోంచి దూరి అవతలికి నడిచే కొండకి ఇడ్లీలూ కారప్పొడీ, బరువు మోయలేరు కాబట్టి. రెండు గంటలు నడిస్తే గాని రాని చిన్న సరస్సుకి పెరుగన్నం, గట్టిగా కలిపి, అల్లం ముక్క లేకుండా, ఎందుకంటే ఏటా వచ్చే ఒక లెక్చరర్ గారికి అల్లం పడదు. వెడల్పాటి జలపాతానికి కొబ్బరన్నం. ఆఖరి రోజు సెంటిస్ కొండకి చింతపండు పులిహోర, ఎందుకంటే ఆ రోజు వంటగది కడిగి అప్పజెప్పాలి, పులుసు ముందురోజే ఉడికించి పెట్టుకుంటే తెల్లారి అన్నం వండి కలిపేస్తే సరిపోతుంది. ఇవన్నీ అమ్మ చూసినవి కావు. నాలుగున్నరకి లేచి, ఎనిమిదికల్లా పొట్లాలు కట్టి బస్సులో పెట్టించి, వాళ్లు వెళ్లాక గిన్నెలు తోముకుని, సాయంత్రం సాంబారుకి పప్పు కడిగి పెట్టుకునేది. హోటల్ వంటగది నేల కింద ఉంటుంది, కిటికీ నేలకి సమానంగా, దాంట్లోంచి గడ్డి వాలు మొదలు ఒక్కటే కనిపిస్తుంది, మేతకొచ్చిన ఆవుల కాళ్లు కనిపిస్తాయి, మెడలో గంటలు వినిపిస్తాయి. సాయంత్రం తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ ఒక్కొక్కరూ ఒక్కో ముక్క చెప్పేవాళ్లు, వడ్డిస్తూ అమ్మ వినేది, రాత్రి నాకు ఫోన్‌లో తాను వెళ్లొచ్చినట్టే చెప్పేది. లెక్చరర్ గారు ఎగతాళిగా నాగేశ్వరమ్మగారూ, స్విట్జర్లాండ్ ఎలా ఉందండీ అని అడిగితే, నీళ్లు మెత్తగా ఉన్నాయండీ, జిడ్డు తొందరగా వదులుతోంది అని చెప్పిందట. అందరూ నవ్వారట. నవ్వడానికి ఏముంది, ఉన్నమాటే కదా అని నన్నడిగింది.

మూడు వేసవులన్నాను గాని, రెండోదానికీ మూడోదానికీ మధ్య జ్వరం వచ్చింది. వారం రోజుల జ్వరం, తగ్గింది, లేచి తిరిగింది, అందరికీ తగ్గినట్టే తగ్గింది, ఒక్కటి తప్ప. వాసన పోయింది, దాంతో పాటు రుచీ పోయింది. మొదట నాతో కూడా చెప్పలేదు. పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా పక్కనే కూర్చుని కూర తరుగుతుంటే నాకు తెలిసింది. నూజివీడు డాక్టరు మెల్లిగా వస్తుందిలెండి, కంగారు పడొద్దు అన్నారు. వంట చేసేవాళ్లకి అది ఎంత కష్టమో ఆయనకి మేం చెప్పలేదు. అందరికీ కష్టమే, కాని మా అమ్మది వేరే కష్టం. ఆమె పొయ్యి మీద ఉన్నదాన్ని నాలుక మీద వేసుకోదు. ముందు నుంచీ అంతే, వాళ్లమ్మ నేర్పిన తీరు. పదిమందికి పెట్టేదాన్ని వండేమనిషి ఎంగిలి చేయకూడదు. మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముక్కువైపు లాక్కుని, ఒక్క క్షణం ఆగి, ఇంకో చిటికెడు వెయ్యి అనేది. ఆవకాయ కలిపేటప్పుడు కూడా ముక్క నోట్లో వేసుకోదు, జాడీ మీదికి వంగి చెప్పేస్తుంది, మా ఊరంతా జాడీలు కట్టేముందు అమ్మని పిలిచి వాసన చూపించుకునేవాళ్లు. అలాంటి మనిషికి ముక్కు పోతే ఆ ముక్కుతోపాటు చెయ్యీ పోయినట్టే.

అప్పట్నుంచి ఆమె నాలుక నేను. పెళ్లిళ్లకి సాయం పేరుతో వెంట వెళ్తాను, పదో క్లాసు ఊళ్లో, ఇంటర్ నూజివీడులో చదివి ఇంట్లో ఉన్న పిల్లని, ఎవరికీ అనుమానం రాదు. డేగిసా దించాక ఒక చెంచాడు గిన్నెలో పోసుకుని పక్కకి వెళ్లి చూస్తాను. సరిపోతే ఏమీ అనను. తక్కువైతే ఉప్పు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెడతాను, అంతే. ఎక్కువైతే ఏంచేయాలో మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే అమ్మ చేతిలో ఎప్పుడూ ఎక్కువ పడదు. వాసన లేదనే సంగతి నాన్నకీ నాకూ ఆ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ మాఘమాసంలో తోటలన్నీ పూతమీద ఉన్నప్పుడు, బస్సు దిగేసరికే ఆ తేనె వాసనకి తల తిరుగుతుంది కదా, అమ్మ రోడ్డు పక్కన నిలబడి, పూత వాసన వస్తోందా కీర్తీ అని అడిగింది. వస్తోంది అన్నాను. ఎక్కువగానా అంది. ఎక్కువగానే అన్నాను. అయితే ఈసారి బాగా పట్టింది అని నడిచింది.

పోయినేడు మూడోసారి వెళ్లేముందు ఆ కాగితం రాశాను. అక్కడ నేను ఉండను కాబట్టి అన్నీ కొలతల మీద చేయాలి. ముప్పై నాలుగు మందికి బియ్యం ఎంత, నీళ్లెన్ని, ఏది ఎప్పుడు, ఉప్పు ఎన్ని గిద్దలు. అమ్మ చెప్తుంటే నేను రాశాను, పన్నెండు రకాలు, పన్నెండు పేజీలు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. అమ్మకి చదవడం నెమ్మది, అందుకని అక్షరాలు పెద్దవిగా రాశాను. అది గోడకి అతికించుకుని చూసి చేసేదట. తొమ్మిది రోజులు ఒక్క మాట రాలేదు, లెక్చరర్ గారు పెరుగన్నం మళ్లీ అడిగారట. నేను ఇక్కడ రోజూ రాత్రి ఫోన్ పెట్టేశాక కాసేపు మెలకువగా పడుకుని, ఇవాళ కూడా గడిచింది అనుకునేదాన్ని.

పదో రోజు సెంటిస్. మూడేళ్లలో మొదటిసారి, ఈసారి మీరు కూడా రావాలండీ, వంటగది సంగతి సాయంత్రం చూసుకుందాం అని పాండురంగారావు గారు అన్నారు. ఆ కబురు చెప్పడానికి అమ్మ నాకు ఫోన్ చేసినప్పుడు ఇక్కడ తెల్లవారుజామున మూడు. రేపు నేను కూడా వెళ్తున్నానే అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆ కొండ కథ ఆమె వచ్చాక ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, పాలకి వెళ్తే అక్కడ, పెళ్లి వంటల్లో కూరలు తరిగేవాళ్ల దగ్గర, ఆటోలో. గాజు గది లాంటిది తీగ మీద వేలాడుతూ పైకి వెళ్తుంది, పది నిమిషాలు, అమ్మ మధ్యలో కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుంది, తెరిచేసరికి పైన. ఎటు చూసినా కొండలు, కొండల వెనక కొండలు, కొన్నింటి మీద మంచు, కొన్నింటి మీద మేఘం నీడ, ఆ నీడ కదులుతూ ఉంటుంది. ఆరు దేశాలు కనిపిస్తాయని ఎవరో చెప్పారు, ఏది ఏ దేశమో గీత ఏమీ లేదు. గోడవార బల్లల మీద అందరూ వరసగా కూర్చున్నారు, అమ్మ తన చేత్తో తలా ఒక పొట్లం ఇచ్చింది. ఇక్కడికొచ్చేసరికి అమ్మ గొంతు తగ్గించేది. "అందరూ విప్పారు. రెండు మెతుకులు నోట్లో పెట్టుకున్నారు. అంతే, అలా కొండలవైపు చూస్తూ ఉండిపోయారు. ఒక్కరికీ ఆకలి తెలియలేదు. నా పొట్లాలన్నీ అలాగే మిగిలిపోయాయి. అన్నం మర్చిపోయేంత చోటు ఉంటుందని నేను అనుకోలేదే." ఆ తర్వాత వాళ్లు అక్కడి కొట్లో వేడివేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు కొనుక్కున్నారట, చలికి అలా అనిపిస్తుంది కదా అంది. తాను మాత్రం పొట్లం మొత్తం తిన్నదట, వండిన మనిషే పారేస్తే ఎలా అని. ఆ రోజంతా తెగ దాహం వేసింది, అంత ఎత్తుకి వెళ్తే దాహం వేస్తుంది కాబోలు అంది. ఆ మాట నేనెన్నిసార్లు విన్నాను, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

నిన్న సాయంత్రం తట్టింది. నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను, పాండురంగారావు గారు నాకు ఫోన్ చేశారు, అమ్మ పక్కన ఉందా అని అడిగి లేదంటే అప్పుడు మొదలుపెట్టారు. మంచి మనిషి, మాట కోసం వెతుక్కున్నారు. ఆ రోజు కొండ మీద పులిహోర ఎవరూ తినలేకపోయారమ్మా, ఉప్పు కషాయంలా ఉంది, ఇద్దరికి బీపీ కూడా, వాళ్లు ఒక ముద్ద దగ్గరే ఆపేశారు కాబట్టి సరిపోయింది. అమ్మగారు అంత సంతోషంగా ఉన్నారు, అందరూ ఆమె మొహం చూసి ఊరుకున్నారు, లెక్చరర్ గారే అందరికీ సైగ చేశారు ఏమీ అనొద్దని. తర్వాత మాత్రం ఆఫీసుకి ఫోన్లు వచ్చాయి. ఈసారి బ్యాచ్‌లో వాళ్ల చుట్టాలే సగం మంది ఉన్నారు. వంటావిడకి మతిమరుపు మొదలైనట్టుంది, వేరే మనిషిని చూసుకోండి అంటున్నారు. బయటి మనిషిని పెట్టడం నాకిష్టం లేదు, మీ ఇంట్లో నువ్వు చేసిన భోజనం నేను తిన్నాను, చెయ్యి అదే. నువ్వు రా. ఒక్కరికే చోటు. అమ్మగారికి నువ్వే ఎలాగో చెప్పు, నేను చెప్తే బాగుండదు. సరేనండీ అన్నాను. ఆ సరే దేనికో నాకు తెలియదు, వస్తాననా, చెప్తాననా. మతిమరుపు కాదండీ అని మాత్రం అనలేకపోయాను. అంటే వాసన సంగతి చెప్పాలి.

అమ్మ పాలకి వెళ్లినప్పుడు సూట్‌కేసులోంచి ఆ కాగితాలు తీసి చూశాను. పదకొండో పేజీ, చింతపండు పులిహోర. పైన పులుసు ఉడికించడం: ఉప్పు ఒక గిద్ద. అది సరైనదే, మా ఇంట్లో ఉప్పు పులుసులోనే పడుతుంది. కింద అన్నం కలపడం: పసుపు, నూనె, పోపు, ఉప్పు ఒక గిద్ద. నా రాతే. ముందు పేజీ నిమ్మకాయ పులిహోర, దానికి ఉప్పు అన్నంలోనే వేస్తాం, కలపడం రెండింటికీ ఒకటే కదా అని ఆ భాగం అలాగే చూసి ఎక్కించేశాను. అమ్మ చెప్పలేదు, నేనే రాశాను. ఆమె ముందురోజు పులుసులో ఒక గిద్ద వేసింది, పొద్దున కాగితం చూసి అన్నంలో ఇంకో గిద్ద వేసింది. ఇన్నేళ్లు వండిన మనిషికి అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చినా, మూత తీసి చూస్తే ఆవిరి ఏమీ చెప్పదు, నాలుక మీద వేసుకున్నా తెలియదు. నా కాగితాన్ని నమ్మింది. లేదా కొండ ఎక్కే తొందరలో ఏమీ అనుకోలేదేమో. అలా అయితే నాకు కాస్త తేలికగా ఉంటుంది, అందుకే అలా అనుకుంటున్నానేమో కూడా తెలియదు.

చెప్పాలంటే రెండు దారులున్నాయి. నీ వయసు చూసి వద్దన్నారమ్మా, కొత్తవాళ్లు కావాలట అని చెప్పొచ్చు. అప్పుడు కొండ ఆమెకి మిగులుతుంది, పోయేది ఉద్యోగం ఒక్కటే, కాని నలభై తొమ్మిదేళ్లకే పనికిరానని మూలన కూర్చుంటుంది, నేను దొంగలా ఆమె స్వెట్టర్ వేసుకుని వెళ్తాను. నిజం చెప్తే తప్పు నాదని తేలుతుంది, కాని ఆ కొండ పోతుంది. ముప్పై నాలుగు మంది అన్నం మర్చిపోయిన చోటు, ముప్పై నాలుగు మంది ముద్ద మింగలేక ఊరుకున్న చోటు అయిపోతుంది. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, అది ఎవరితోనూ అనలేదు. నాకు వెళ్లాలని ఉంది. అమ్మ ఫోన్ పెట్టేశాక నేను ఆ ఊళ్లన్నీ ఫోన్‌లో వెతుక్కుని చూసేదాన్ని. ఎర్ర రైలు ఎన్నింటికి బయల్దేరుతుందో, ఆదివారాలు ఏది ఉండదో నాకు తెలుసు. సెంటిస్ కొండ మీద ఒక కెమెరా ఉంది, ఎప్పుడు తెరిచినా అప్పుడు అక్కడ ఎలా ఉందో చూపిస్తుంది. పొద్దున కూడా తెరిచాను. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ ఐదు, అంతా నలుపు, ఒక మూల ఎర్ర దీపం. మూసేశాను. అమ్మకి ఎప్పుడూ చూపించలేదు. మీ నాన్నకి చూపించు ఎలా ఉంటుందో అని ఆమె అడిగితే ఏవో ఫొటోలు చూపించాను గాని కెమెరా సంగతి చెప్పలేదు, ఎందుకో అది నాదిగా ఉంచుకున్నాను.

అమ్మ గడప దాటి వచ్చి ఇంగువ డబ్బా నా మొహం దగ్గర పెట్టింది. ఘాటు ఉందా, పోయిందా చూడు, పోతే కొత్తది కొనాలి. చూశాను. ఉంది అన్నాను. ఉంటే సరే, వాళ్లకి సాంబారులో ఇది లేకపోతే అన్నం దిగదు అని లోపలికి తిరిగింది. ఇప్పుడు చెప్పాలి. అమ్మా అన్నాను. ఏంటే అంది, ఆగింది. చింతపండు ఇంకో గోనె ఉందా అన్నాను. ఉంది, రేపు కొడుదువుగానిలే, చేతులు మండిపోతాయి అంది. లోపలికెళ్లి ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు, పట్టుచీర మడతల్లోంచి పాస్‌పోర్ట్ తీస్తోంది. మళ్లీ కడ్డీ తీసుకున్నాను. గింజ, ఈనె, పండు. దెబ్బ వేలి మీద పడింది, రక్తం రాలేదు, నొప్పి ఉంది. ఆయన రానీ, వచ్చాక ఆయనే ఏదో ఒకటి అంటారులే అని ఒకసారి, రాకముందే నేనే చెప్పేయాలి అని ఒకసారి, ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో, బేసిన్ నిండిపోయింది, వీధిలో కారు ఆగింది.

పాండురంగారావు గారు చెప్పులు మెట్టు కింద విడిచి అరుగు మీద కూర్చున్నారు. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది, తర్వాత కాఫీ. ఎండలు అప్పుడే ముదిరాయని, నూజివీడు దగ్గర ఒక లారీ అడ్డం పడిందని, ఈసారి కాపు ఎలా ఉందని మాటలు. నావైపు ఒకసారి చూశారు. నేను తల దించుకున్నాను, అందులో ఆయనకి జవాబు దొరికింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. అమ్మ గడప దగ్గర నిలబడి, చేతిలో ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్ట్ పట్టుకుని, సెంటిస్ గురించి మొదలుపెట్టింది. ఈసారి బ్యాచ్‌ని మొదటిరోజే అక్కడికి తీసుకెళ్లండి, ఆఖరి రోజు దాకా ఆపొద్దు, నడుములు పట్టేస్తాయి వాళ్లకి అంది. ఆ రోజు గుర్తుందా అండీ, ఒక్కరంటే ఒక్కరు తిన్నారా అంది. ఆయన గ్లాసులోకి చూస్తూ, అవునండీ, ఆ రోజు అలాంటిది అన్నారు. ఇప్పుడు కూడా ఆయన చెప్పరని నాకు అర్థమైంది. అమ్మ పాస్‌పోర్ట్ ముందుకి చాచింది. ఆయన అందుకోలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది, ఒకటి, రెండు, మూడు, నేను గింజలు చూస్తున్నాను.

అమ్మాయి చెప్పలేదా అండీ, అన్నారు చివరికి. ఈసారి అమ్మాయిని పంపించండి. ఒక్కరికే కుదిరింది. పోయినేడు ఆఖరిరోజు పొట్లాల గురించి ఒకరిద్దరు... అని ఆగిపోయారు. పెద్ద విషయమేమీ కాదు, మా వాళ్ల నోళ్లు అలాంటివి అన్నారు.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన్ని చూసింది, నన్ను చూడలేదు. ఆమె ఆ బల్లల వరస మొత్తం మళ్లీ ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూస్తోందని నాకు తెలిసింది, రెండేసి మెతుకులు, కొండలవైపు తిప్పుకున్న మొహాలు, బంగాళాదుంప ముక్కలు, దాహం. తర్వాత పెళ్లివంటల్లో సరుకు గురించి అడిగే గొంతుతోనే అడిగింది.

"ఉప్పా, పులుపా?"

"ఉప్పండీ," అన్నారాయన.

"కాగితంలో రెండుచోట్లా రాసింది నేనమ్మా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "పులుసులో ఒకసారి, అన్నంలో ఒకసారి. నిమ్మకాయది చూసి ఎక్కించాను. నువ్వు నేను రాసినట్టే చేశావు." ఆయనవైపు తిరిగి, మా అమ్మకి మతిమరుపు లేదండీ, జ్వరం వచ్చి వాసనా రుచీ పోయాయి, రెండేళ్లు కావస్తోంది, పెళ్లిళ్లకి నేను చూసి చెప్తాను, నేనుంటే ఎప్పుడూ తేడా రాలేదు, ఇద్దరం వస్తాం, నాకు జీతం వద్దు అన్నాను. అంత పొడుగు మాట బయటివాళ్ల ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన తలాడించి, వంటవాళ్ల కింద ఒక్క వీసాయేనమ్మా వాళ్లు ఇచ్చేది, ఇద్దరికి ముందే అడిగి చూశాను అన్నారు. అడిగి చూశారనే నేను నమ్ముతున్నాను.

అమ్మ లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత మళ్లీ చప్పుడైంది. మంచం మీది సూట్‌కేసులో ఏదో సర్దుతోంది, చాలాసేపు పట్టలేదు. బయటికి వచ్చినప్పుడు ఒక చేతిలో నా పాస్‌పోర్ట్, వచ్చినప్పటి కాగితం కవర్‌లోనే, ఒక్కసారీ తెరవనిది. దాన్ని పాండురంగారావు గారి పక్కన, కాఫీ గ్లాసుకి తగలకుండా కాస్త ఎడంగా పెట్టింది. ఆయన లేచి నిలబడి మళ్లీ కూర్చున్నారు. నేను లేవాలనుకున్నాను, ఒళ్లో బేసిన్ ఉంది, చేతుల నిండా చింతపండు. అమ్మ నాకూ ఆయనకీ మధ్య నుంచి దిగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, పైట భుజం మీదికి లాక్కుంది. ఆమె పాస్‌పోర్ట్ ఆమె చేతిలోనే ఉంది, ఆ ప్లాస్టిక్ కవర్ ఎండకి మెరుస్తోంది. తోటలవైపు నుంచి మందు కంపు మళ్లీ వచ్చింది, నేను మొహం తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు. నేరుగా నడిచి గేటు తీసుకుని, తోటలవైపు రోడ్డు మీదికి వెళ్లిపోయింది.